ఎడమ మలుపు

ఎవరిస్తో టోపీ తీసి
"చచ్చిపోతోంది, మళ్లీ బతుకుతోంది" అన్నాడు.
ఎవరని నేనడగలేదు.
ఎనభై ఆరు మోడల్ ఫోర్డ్ పికప్,
పతగోనియా గాలి ఇసుకతో కొట్టీ కొట్టీ
ఒకపక్క రంగంతా ఊడ్చేసిన బండి,
నా షెడ్డు ముందు బుద్ధిగా నిలబడుంది.
తాళం తిప్పాను. లేచింది.
లైట్లు వెలిగాయి, హారన్ మోగింది,
డాక్టరు గుమ్మం తొక్కగానే
పంటినొప్పి మాయమైనట్టు.

మొదటిసారి బ్యాటరీ కొసలు గీకాను.
తెల్లటి బూజు రాలింది, తప్పు దానిదేనన్నాను.
డబ్బులు కూడా తీసుకున్నాను.
వారం తిరక్కుండా ఫోను:
"నెలిదా, నిన్న రాత్రి చుబుత్ నది వంపులో
లైట్లన్నీ ఒక్కసారిగా పోయాయి.
మూడు లెక్కపెట్టేలోపు వచ్చాయనుకో.
ఆ మూడు అంకెల్లో
నాకెన్నేళ్లు పైబడ్డాయో నీకేం తెలుసు."

రెండోసారి రెండు రోజులు ఉంచుకున్నాను.
ఫ్యూజులన్నీ పీకి వెలుతురుకి ఎత్తి చూశాను.
నాకు తెలిసిన ఎర్త్ తీగలన్నీ విప్పి,
తుప్పు గీకి, మళ్లీ బిగించాను.
ఇంజను వెనక తీగల కట్టని
చూడి గొర్రె పొట్ట తడిమినట్టు
జానెడు జానెడూ తడిమాను,
చెయ్యి కుదుపుతూ, కన్ను టెస్ట్ ల్యాంపు మీద పెట్టి.
అది రెప్ప వెయ్యలేదు.
మీటరు పన్నెండున్నర దగ్గర
సాక్ష్యం చెప్పనని మొండికేసినవాడిలా కూర్చుంది.

పూర్తిగా చెడినవంటే నాకిష్టం.
కాలిన మోటారు, తెగిన తీగ,
వాటికి ఒక మాటంటూ ఉంటుంది.
అప్పుడప్పుడూ చెడేదే మనిషిని తినేస్తుంది.
"ముసలాయన కునుకు తీస్తున్నాడేమో" అన్నాడు
నా దగ్గర పని నేర్చుకునే లౌతారో.
నోర్ముయ్యమన్నాను గానీ
ఆ అనుమానం ముందు వచ్చింది నాకే.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు.
నిలకడగా ఉన్నంతసేపూ
ఈ బండి నాకు అబద్ధమే చెప్పింది.

పనిముట్లు పక్కనపెట్టి అడగడం మొదలెట్టాను.
ఏ వేళప్పుడు? రాత్రి.
ఏ దారిలో? కంకర దారిలో.
ఎటు తిరిగినప్పుడు?
మాతే కషాయం గొట్టం రెండుసార్లు పీల్చి,
"ఎడమకి" అన్నాడు.
ఎప్పుడూ ఎడమకేనా? ఎప్పుడూ.
బండిలో ఇంకెవరుంటారు?
"ఎవరుంటారు? ఎవరూ ఉండరు."
కాసేపాగి, "కోయిరోన్ తప్ప."

కోయిరోన్ ఇక్కడి గడ్డి పేరు.
ఆ గడ్డి రంగు కుక్కకి పెట్టుకున్నాడు.
నా కంప్రెసరు మోతంటే దానికి హడలని
రెండుసార్లూ ఇంటిదగ్గరే వదిలి వచ్చాడట.

కంప్రెసరు ఆపించాను.
పొద్దు గుంకాక ముగ్గురం బయల్దేరాం.
సీటెక్కదు అది. నా కాళ్ల దగ్గర
కుడి తలుపు పక్కనున్న అట్టకి వీపు ఆనించి,
బండి తనదే అన్నట్టు కూర్చుంది.
నది వంపు వచ్చింది.
ఎవరిస్తో ఎడమకి తిప్పాడు.
ముప్ఫై కిలోల కుక్క కుడికి ఒరిగింది.

చీకటి.

ఒకటి,
రెండు,
ఎవరిస్తో నవ్వుతున్నాడు,
స్టీరింగు గట్టిగా పట్టుకుని, చిన్నపిల్లాడిలా.
"చూశావా! చూశావా!" అంటున్నాడు
చూడ్డానికేమీ లేనిచోట.

బండి ఆపించి, టార్చి పళ్ల మధ్య కరిచి
అట్ట విప్పాను.
ఏ బొమ్మలోనూ లేని ఎర్త్ తీగ అక్కడుంది,
నాకంటే ముందెవరో వేసిన అతుకు.
చివరి రింగు చీలి, రెండు రాగి పోగుల మీద వేలాడుతోంది.
దాని చుట్టూ ఏళ్లుగా పేరుకున్న
గడ్డిరంగు వెంట్రుకలు.
వేలితో అట్టని నొక్కాను, లైట్లు పోయాయి.
వదిలాను, వచ్చాయి.
అవసరం లేకపోయినా ఇంకో నాలుగుసార్లు నొక్కాను.

కుక్కని మార్చలేం.
కొత్త రింగు వేసి, తీగని జానెడు పైకి జరిపాను.
మొదటిసారి తీసుకున్న డబ్బులు తిరిగిస్తే
సగం నా జేబులోనే కుక్కాడు.
తిరుగుదారిలో అదే వంపు దగ్గర
వెనక్కెళ్లి వెనక్కెళ్లి మూడుసార్లు ఎడమకి తిప్పాడు.
మూడుసార్లూ కోయిరోన్ ఒరిగింది.
మూడుసార్లూ లైట్లు రాళ్ల మీద నిలబడ్డాయి.
మూడోసారి అది
నా బూటు మీద కక్కుకుంది.